కాంక్రీటుకు ఉప్పు పట్టించడం ఎలా? చిన్న కాంట్రాక్టర్లకు పన్నెండు చిట్కాలు

అరవై ఏళ్లు చెక్కుచెదరని స్లాబు వేస్తే మీకు వచ్చేది ఒక్క బిల్లు. పదేళ్లకే పెచ్చులూడే స్లాబు వేస్తే మరమ్మతు బిల్లు, ప్లాస్టరింగ్ బిల్లు, రంగుల బిల్లు, చివరికి కొత్త స్లాబు బిల్లు. రెండో దారిలో శ్రమ కూడా తక్కువ. కష్టపడటం మానేస్తే చాలు, మిగతాది సిమెంటు చూసుకుంటుంది.

గట్టిపడిన సిమెంటు పైకి రాయిలా కనిపిస్తుంది గానీ లోపలంతా కంటికి ఆనని సందులే. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఆ సందులు నీటిని పీలుస్తాయి. నీటిలో కరిగిన ఉప్పు, ఎరువు, పులుపు దాంతోపాటే లోపలికి దిగుతాయి. నూనెకైతే నీటి తోడు కూడా అక్కర్లేదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో పనిచేసేవారికి సగం పని గాలే చేసిపెడుతుంది. మిగతా సగం సులువుగా తేల్చడానికి ఈ చిట్కాలు. మీ చెమట ఒక్క చుక్క కూడా వృథా కాకూడదన్నదే నా తాపత్రయం.

1. మాలులో నీళ్లు ధారాళంగా పోయండి.

సిమెంటు గట్టిపడటానికి రసాయనికంగా పట్టే నీరు దాని బరువులో నాలుగో వంతు కూడా ఉండదు. పని సాగడానికి మరికొంత కలిపి 50 కిలోల బస్తాకు 22 నుంచి 25 లీటర్లు చాలని ఇంజినీర్లు అంటారు. ఆ లెక్కకు కట్టుబడి గట్టి మాలును పారలతో తిప్పిస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. ఇంకో బకెట్ గుమ్మరించండి. మాలు దానంతటదే జారుతుంది, కూలీలు పెందలాడే ఇంటికి పోతారు.

సిమెంటుకు అక్కర్లేని నీరు ఆవిరైన చోటల్లా సన్నటి దారులు మిగిలిపోతాయి. ఉప్పు నడిచేది ఈ దారుల్లోనే. నీటి బరువు సిమెంటు బరువులో 0.45 వంతు ఉంటే సుమారు వారం రోజుల తడికే ఆ దారులు మధ్యమధ్యలో పూడిపోతాయి. 0.5 అయితే రెండు వారాలు, 0.6 అయితే ఆరు నెలలు, 0.7 అయితే ఏడాది పడుతుంది. 0.7 దాటించారంటే ఎన్నేళ్లు తడిపినా పూడవు. కాబట్టి మీ గురి బస్తాకు 35 లీటర్ల పైన ఉండాలి. ఇసుకలో ఉన్న తడిని లెక్కలో వేయకండి. అదంతా ఉచితంగా కలిసొచ్చే నీరు.

"ఇంత పల్చగా ఉందేంటి మేస్త్రిగారూ?" అని యజమాని అడిగితే, "మూలమూలలకూ చేరాలి కదండీ" అనండి.

2. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ట్యాంకరుకు డబ్బులు తగలేయకండి.

కడ్డీలున్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 చెబుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19,000 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక ఘనమీటరు కాంక్రీటులో 180 లీటర్లు ఆ నీళ్లే పోస్తే సుమారు 3.4 కిలోల క్లోరైడ్ ఒక్క దెబ్బకు లోపల చేరుతుంది. నియమావళి ఒప్పుకునేది 0.6 కిలో. అయితే సముద్రం దాకా పోయి నీళ్లు మోయడం శ్రమ. స్థలంలో ఉన్న ఉప్పు బోరే మేలు, మీట నొక్కితే సరిపోతుంది.

లోపల జరిగేది తెలుసుకుంటే మీకే ధైర్యం వస్తుంది. సిమెంటు గాఢమైన క్షారం, పీహెచ్ 12.5కు పైమాటే. ఆ క్షారంలో కడ్డీ చుట్టూ పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్ ఆ పొరకు చిల్లు పెడుతుంది. అక్కడ మొదలైన తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది, మీరు సుత్తి పట్టుకోనక్కర్లేదు.

చదువుకున్న యజమాని పేచీ పెడితే రోమన్ల సంగతి చెప్పండి. రెండు వేల ఏళ్ల కిందట వాళ్లు సముద్రపు నీటిలోనే రేవులు కట్టారు, కొన్ని ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. వాళ్లు వాడింది సున్నం, అగ్నిపర్వతపు బూడిద అనీ, అందులో ఇనుప కడ్డీ ఒక్కటీ లేదనీ ఆయన గుర్తుచేస్తే వెంటనే టీ తెప్పించండి.

3. ఇసుక దగ్గర్లో దొరికిందే తోలించండి.

నది ఇసుకకు లారీ కిరాయి ఎక్కువ. తీరం ఇసుక చవక, పైగా ఉప్పు అందులోనే ఉంటుంది, విడిగా కలపక్కర్లేదు. మంచినీటితో కడగమని ఎవరైనా చెబితే తల ఊపండి, కడగకండి. గవ్వ ముక్కలు కనిపిస్తే పైపైన ఏరేయండి.

తీరం దూరమైతే ఆకులు, వేళ్లు కుళ్లిన చెరువు ఇసుక వాడండి. కుళ్లిన ఆకుల ఆమ్లాలు సిమెంటు గట్టిపడటాన్ని మందగింపజేస్తాయి. పాచి పట్టిన చెరువు నీళ్లు దొరికితే ఇంకా మంచిది, పాచి మాలులో గాలి బుడగలు నింపి బలం తగ్గిస్తుంది. ఇసుకలో కుళ్లు తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సీసాలో ఇసుక వేసి 3 శాతం కాస్టిక్ సోడా ద్రావణం పోసి కుదిపి 24 గంటలు ఉంచుతారు. పైన తేరిన నీరు ముదురు రంగుకు తిరిగితే ఇసుక పనికిరాదని అర్థం. సైటులో ఖాళీ సీసాలు ఉంచకండి.

4. కవర్ బ్లాకులు కొనకండి.

కడ్డీకి, కాంక్రీటు పైముఖానికి మధ్య ఉండే మందమే కవర్. తీరప్రాంతపు కట్టడాలకు 45 మిల్లీమీటర్లు కావాలని ఐఎస్ 456 అంటుంది. కడ్డీలను చెక్కల మీదే పడుకోబెడితే ఆ గొడవ ఉండదు. కిందపడ్డ కంకర రాయి ఒకటి తీసి కడ్డీ కింద దోపండి, ఇంజినీరు వచ్చినప్పుడు అది చూపిస్తే సరిపోతుంది. ఆయన వెళ్లాక కూలీలు కడ్డీల మీద నడుస్తారు, రాయి జారుతుంది, కడ్డీ చెక్కకు అంటుకుంటుంది.

ఇక్కడ మీకు లాభం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఉప్పు కాంక్రీటులో నెమ్మదిగా వ్యాపిస్తూ వెళ్లేటప్పుడు దూరం సగమైతే పట్టే కాలం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. 40 మిల్లీమీటర్లు దాటడానికి ఇరవై ఏళ్లు పట్టే ఉప్పు 20 మిల్లీమీటర్లయితే ఐదేళ్లలో కడ్డీని చేరుతుంది. ఒక్క రాయి తక్కువ పెట్టి పదిహేనేళ్లు సంపాదించారన్నమాట.

5. వైబ్రేటర్‌కు సెలవివ్వండి.

అద్దెకు తెస్తే డీజిల్ పోయాలి, మనిషిని పెట్టాలి. తెచ్చారు పొండి, స్లాబు మధ్యలో నిలబెట్టి ఫొటో తీయించండి. మాలును కర్రతో రెండు పోట్లు పొడిచి సర్దండి. స్తంభాల అడుగున కంకర విడిగా, మాలు విడిగా మిగిలి తేనెతుట్టెలు పడతాయి. అక్కడ ఉప్పు నీరు సందులు వెతుక్కునే శ్రమ లేకుండా నేరుగా కడ్డీ దగ్గరికి పోతుంది. సెంట్రింగ్ విప్పిన పొద్దునే, యజమాని నిద్ర లేవకముందే ఆ బొక్కలకు మాలు పూసేయండి. తొందరగా లేవాల్సిన పని ఈ మొత్తం పద్ధతిలో ఇదొక్కటే.

6. నీళ్లతో తడపడం వాట్సాప్‌లో చేయండి.

మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బొగ్గు బూడిద గానీ స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) గానీ కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని నియమం. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపమంటారు. మొదటి రోజు ఒకసారి మళ్లు కట్టి, నాలుగు మూలల నుంచి ఫొటోలు తీసి దాచుకోండి. రోజుకొకటి పంపండి. తడి ఆరితే ముందు దెబ్బతినేది పైపొరే. కడ్డీకి కాపలా కాసేదీ ఆ పైపొరే.

ఎవరో చూస్తున్నారని తడపక తప్పకపోతే ఉప్పు బోరు నీళ్లతో తడపండి, అదీ కొంచెం కొంచెంగా. ఎండిన కాంక్రీటు మొదట్లోనే ఆబగా పీలుస్తుంది. మొదటి గంటలో పీల్చినదానికి మొత్తం రెట్టింపు కావాలంటే నాలుగు గంటలు పడుతుంది. అందుకని గంటల తరబడి తడిపి సమయం వృథా చేయకండి. మధ్యాహ్నం ఎండకు బాగా ఆరనిచ్చి సాయంత్రం కాసేపు కొట్టండి, మర్నాడు మళ్లీ ఆరనివ్వండి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు లోపలే ఉండిపోతుంది. ప్రతి విడతకూ నిల్వ పెరుగుతుంది.

7. "ఉప్పు తట్టుకునే సిమెంటు" అని చెప్పి తగనిది అంటగట్టండి.

సిమెంటులో అల్యూమినేట్ అనే పదార్థం ఉంటుంది. నేలలోని సల్ఫేట్ లవణాలు దానితో కలిస్తే ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పెరిగి కాంక్రీటును ఉబ్బించి చీలుస్తాయి. అందుకే సల్ఫేట్ నేలల పునాదులకు అల్యూమినేట్ తక్కువగా, 5 శాతం లోపు ఉండే ప్రత్యేక సిమెంటు తయారుచేస్తారు. కానీ సముద్రపు క్లోరైడ్‌లో కొంత భాగాన్ని పట్టి బంధించేది కూడా ఆ అల్యూమినేటే. అది తగ్గితే బంధించే చేయి తగ్గి, కడ్డీ దాకా పోయే క్లోరైడ్ పెరుగుతుంది.

మీరు ఈ సిమెంటును సముద్రపు గాలి తగిలే స్లాబులకు, పిట్టగోడలకు వాడండి. "లవణాలను తట్టుకుంటుందండీ" అంటే మాట అబద్ధం కాదు, ఏ లవణమో చెప్పలేదంతే. స్లాగ్ సిమెంటు గురించి ఎవరైనా అడిగితే అది ఆలస్యంగా బలం పుంజుకుంటుందని భయపెట్టండి. స్లాగ్, బూడిద కలిసిన సిమెంటు బాగా తడిపితే సందులు బాగా పూడ్చి క్లోరైడ్‌ను నెమ్మదింపజేస్తుంది. ఆ రెండో సగం మాట మీ నోట రాకూడదు.

8. తాతల పేరు చెప్పి బెల్లం కలపండి.

పాతకాలంలో గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి కట్టేవారు, ఆ గోడలు గట్టిగా నిలిచాయి. ఇది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి మీ మాట సులువుగా నమ్ముతారు. సున్నం వేరు, సిమెంటు వేరు అన్నది మీరు కదపకండి. తీపి పదార్థం సిమెంటు రేణువుల మీద అంటుకుని నీటితో జరగాల్సిన చర్యను అడ్డుకుంటుంది. 50 కిలోల బస్తాలో 25 గ్రాముల చక్కెర పడినా గట్టిపడటం గంటల తరబడి ఆలస్యమవుతుంది. 500 గ్రాములు పడితే దాదాపు గట్టిపడనే పడదు.

సెంట్రింగ్ చెక్కలు ఎక్కువ రోజులు ఉంటాయి, అద్దె యజమాని ఖాతాలో పడుతుంది. గట్టిపడేలోపే నీరు ఆరిపోతే సందులు ఇంకా పెద్దవవుతాయి. "ఈ సిమెంటు కంపెనీ ఈమధ్య బాగా లేదండీ" అని నిట్టూర్చండి.

9. సెంట్రింగ్ చెక్కలకు పాత ఇంజిన్ ఆయిలే రాయండి.

మెకానిక్ షెడ్డులో ఊరికే ఇస్తారు. నల్లటి నూనె కాంక్రీటు ముఖంలోకి ఇంకి అక్కడే ఉంటుంది. గట్టిపడిన కాంక్రీటును ఖనిజ నూనె రసాయనికంగా తినదు, కాబట్టి స్లాబు పడిపోతుందని కంగారుపడకండి. అది చేసే మేలు వేరు. సీలింగుకు వేసిన ప్లాస్టరింగ్ పట్టు చిక్కక డొల్లగా ఉంటుంది, రంగు మీద మరకలు తేలుతుంటాయి. సీలింగ్ పని మళ్లీ చేసే భాగ్యం మీకు దక్కుతుంది. కడ్డీల మీద కూడా నాలుగు చుక్కలు చిందనివ్వండి, కాంక్రీటుకు, ఇనుముకు మధ్య పట్టు కూడా సడలుతుంది.

10. గృహప్రవేశం నాడు ఇంటివాళ్లకు వాడకం నేర్పండి.

మీరు వెళ్లిపోయాక పని కొనసాగించాల్సింది వాళ్లే. అమ్మగారితో మర్యాదగా ఈ ముక్కలు చెప్పండి.

మేడ మీద ఉప్పు చేపలు, ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు నేరుగా స్లాబు మీదే ఆరబెట్టుకోండి, చాపలు అక్కర్లేదు. కల్లుప్పు బస్తాలు పెరటి గచ్చు మీదే దింపండి. పాలు, మజ్జిగ ఒలికితే వెంటనే కడగనక్కర్లేదు. పాలు పులిసి పుట్టే లాక్టిక్ ఆమ్లం సిమెంటులోని సున్నాన్ని నీటిలో కరిగే లవణంగా మార్చి కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది. వంటనూనె ఒలికినా పర్లేదు. నూనెలోని కొవ్వు ఆమ్లాలు సున్నంతో కలిసి సబ్బుగా మారతాయి, గచ్చు పైపొర మెత్తబడుతుంది. చింతపండు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అందులోని టార్టారిక్ ఆమ్లం సున్నంతో కలిస్తే కరగని లవణం ఏర్పడుతుంది, అది పెద్దగా హాని చేయదు.

రైతు ఇల్లయితే ఎరువుల బస్తాలు వరండాలో పెట్టుకోమనండి, కిందకు చెక్కలు వద్దనండి. చిరిగిన అమ్మోనియం సల్ఫేట్ బస్తా ఒక్కటి చాలు. అమ్మోనియం సిమెంటులోని సున్నాన్ని కరిగిస్తుంది, సల్ఫేట్ ఉబ్బిస్తుంది, రెండు పనులూ ఒకే బస్తాతో జరుగుతాయి.

గచ్చు తెల్లగా మెరవాలంటే బాత్రూమ్ యాసిడ్‌తో కడగమనండి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నాన్ని కరిగించి క్యాల్షియం క్లోరైడ్‌గా మార్చి సందుల్లో దించుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదు, కరీంనగర్ ఇళ్లవాళ్లు నిరాశపడకుండా ఈ సీసా కాపాడుతుంది.

11. గోడకు చౌడు తేలితే ఆయిల్ పెయింట్ కొట్టండి.

నెమ్ము పైకి ఎగబాకుతూ లవణాలను మోసుకొస్తుంది. గోడ ముఖం మీద నీరు ఆరిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపి, నెమ్ము ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలన్నది కష్టపడేవాళ్ల మార్గం. మీరు నీళ్లతో కడగండి, ఉప్పు మళ్లీ కరిగి లోపలికి పోతుంది, గోడ ఆ పూటకు శుభ్రంగా కనిపిస్తుంది. ఆరకముందే చిక్కటి ఆయిల్ పెయింట్ రెండు కోట్లు వేసి డబ్బు పుచ్చుకోండి. ఇకమీదట నీరు బయటికి రాలేదు, లవణాలు రంగు వెనకాలే స్ఫటికాలై పెరుగుతాయి. మరుసటి ఏడాదికి రంగు బుడగలు లేచి ప్లాస్టరింగ్‌తో సహా ఊడుతుంది. అప్పుడు బిల్లు రంగుకు కాదు, ప్లాస్టరింగ్‌కు.

12. పెచ్చులూడితే అంతమేరకే మాలు పూయండి.

పదేళ్లు గడిచాయి, సన్‌షేడ్ కింద కడ్డీ బయటపడింది, ఫోన్ వచ్చింది. ఇంతకాలం ఓపిక పట్టినందుకు ఫలితం ఇదే. ఇక్కడ తొందరపడి అసలు వైద్యం చేసేయకండి. ఉప్పు పట్టిన కాంక్రీటును కడ్డీ వెనక దాకా చెక్కాలని, పగలని చోట కూడా ఉప్పు ఎంత దూరం పోయిందో పరీక్షించాలని అనుభవమున్న ఇంజినీర్లు అంటారు. ఫినాల్ఫ్తలీన్ చల్లితే క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, చచ్చిన చోట రాదు. క్లోరైడ్ ఎంత ఉందో తేల్చాలంటే కాంక్రీటు పొడి తీసి ప్రయోగశాలకు పంపుతారు. అలాంటి ఇంజినీరును పిలుస్తానని యజమాని అంటే, "ఇంత చిన్న పెచ్చుకా అండీ?" అని నవ్వండి.

ఊడిన మేరకు కొత్త మాలు అద్దండి. కొత్త మాలులో కడ్డీ మళ్లీ క్షేమంగా ఉంటుంది. పక్కనే పాత ఉప్పు కాంక్రీటులో ఉన్న కడ్డీ మాత్రం ఇదివరకటి కన్నా వేగంగా తుప్పు పడుతుంది. ఇంతకుముందు పగిలిన చోటే తుప్పు పట్టే పనంతా చేసేది, చుట్టుపక్కల కడ్డీ దాని చాటున బతికేది. ఇప్పుడు ఆ వంతు దానికొచ్చింది. ఒక అతుకు ఇంకో అతుకును పిలుస్తుంది. సన్‌షేడ్ తర్వాత బాల్కనీ, బాల్కనీ తర్వాత పిట్టగోడ, వరసగా మీ చేతికొస్తాయి.

చివరగా, ఎవరైనా నిందిస్తే చెప్పుకోవడానికి నాలుగు మాటలు జేబులో ఉంచుకోండి. "సముద్రపు గాలండీ, ఏం చేస్తాం." "మేడ మీద కుండీలు పెట్టారుగా." "అప్పట్లో వచ్చిన కడ్డీ మంచిది కాదు." "పక్కింటి స్లాబు చూశారా, మీదే నయం." నాలుగింటిలో ఏదో ఒకటి ప్రతి ఇంటికీ సరిపోతుంది.

పెద్ద కట్టడాలను చూసి భయపడకండి. గోవాలో మాండవి నది మీద 1970ల మొదట్లో వాడుకలోకి వచ్చిన వంతెన, లోపలి ఉక్కు తీగలు తుప్పుపట్టి 1986లో కూలింది. ఇంజినీర్లు కట్టిన వంతెనకే అంత తక్కువ కాలం పడితే, బస్తాకు 35 లీటర్లు పోసిన మీ స్లాబు గురించి సందేహమే వద్దు. చివరి వాయిదా సొమ్ము చేతికందాకే తాళాలు ఇవ్వండి. ఫోన్ నంబరు మాత్రం మార్చకండి, ఆ ఇంటి తర్వాతి మరమ్మతు కూడా మీకే రావాలి.